గుర్రానికి ఏడున్నర ఊపులు

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు ఐదుగురు. మిద్దె మీద ఉయ్యాల బల్లలో తాంబూలం నములుతూ వరదరాజులు. జార్జి టౌన్‌లో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం ఆయనది. వంటింటి గడప దగ్గర చింతపండులో గింజలు ఏరుతూ ఆయన భార్య రాజలక్ష్మి. లోపలి గదిలో, సర్దిన ట్రంకుపెట్టె మీదే కూర్చుని కాళ్ళు ఊపుతూ వాళ్ళ కూతురు కోకిల. కాలేజీలో మొదటి సంవత్సరం. కింద గోడౌనులో గోనెసంచుల మధ్య నాగలింగం తాత. చుట్టం కాకపోయినా ముప్పై ఏళ్ళుగా ఆ ఇంటి అన్నం తింటున్న కొలతల మనిషి. ఐదోది హైమ. వరదరాజులు చెల్లెలి కూతురు. పదిహేనేళ్ళది. సూళ్ళూరుపేట దగ్గరి పల్లెలో పదో తరగతి దాకా చదివి, ఆ జూన్‌లోనే పట్నం వచ్చింది. వీధి కిటికీ దగ్గర ఒళ్ళో డైరీ పెట్టుకుని, ఊచకు దారంతో వేలాడుతున్న గోడౌను ఇత్తడి తాళంకప్పను చూస్తోంది.

మెట్ల మీద పడుకున్న కరుప్పు గురించి కూడా చెప్పాలి. అది వీధికుక్కే గానీ, హైమ డైరీలో అందరికంటే పైన ఉన్న పేరు దానిదే.

మామూలు ఆదివారమైతే ఆ వేళకు అందరూ కునుకు తీస్తుండేవాళ్ళు. ఇవాళ ఎవరికీ నిద్ర రావడం లేదు. సాయంత్రం సెంట్రల్ స్టేషన్‌లో కోయంబత్తూరు బండి ఉంది. ఆ బండిలో కోకిల ఎక్కుతుందో లేదో ఇంకా తేలలేదు.

పట్నం కాలేజీల పోటీల్లో వంద మీటర్ల పరుగులో కోకిల మొదట వచ్చింది. రాష్ట్రం పోటీలు కోయంబత్తూరులో. ఆటల టీచరు చూడామణి రెండుసార్లు ఇంటికొచ్చి అడిగింది. వరదరాజులు కాఫీ ఇప్పించి, మర్యాదగా మాట్లాడి, ఏ మాటా చెప్పకుండా పంపేశాడు. ఆమె వెళ్ళాక కూతురితో అన్నాడు.

"పరిగెత్తడంలో ఏముండాది మే? మన ఆదిమూలం జట్కా గుర్రం కూడా పరిగెత్తతాది. దానికెవురన్నా కప్పు ఇస్తిరా?"

"ఆ గుర్రం కంటే ముందు నేనే కదలతాను నాయనా."

"నువ్వా? గుర్రం కంటేనా?"

"మొదట్లో. తర్వాత అది నన్ను దాటిపోతాది, కాదనను. మొదటి ఇరవై మీటర్లు మాత్రం నాదే."

వరదరాజులు నవ్వాడు. ఆయనకు కోపం వచ్చినా నవ్వే, వేడుకైనా నవ్వే. "సరి. గుర్రాన్ని మించినావంటే కోయంబత్తూరుకు పో. నేను మాట తిప్పను."

గుర్రాన్నీ అమ్మాయినీ పక్కపక్కన నిలబెట్టి పరిగెత్తిస్తే వీధి వీధంతా గుమిగూడుతుంది. అది కుదరని పని. విడివిడిగా పరిగెత్తించి పోల్చడమెలాగో ఎవరికీ తెలియలేదు. అప్పుడు వంటింటి తలుపు చాటునుంచి హైమ ఏదో అంది. ఎవరికీ వినబడలేదు. ఊళ్ళో బడిలో కూడా అంతే. హాజరు పిలిచినప్పుడు పలికేది గాని పంతులుగారికి వినిపించక, వారానికి రెండు రోజులైనా ఆబ్సెంటు పడేది.

"గట్టిగా చెప్పు మే," అంది కోకిల.

"త్వరణం కనుక్కోవచ్చు వదినా," అంది హైమ.

త్వరణం అంటే ఎంత వేగంగా పోతోందని కాదు, వేగం ఎంత తొందరగా పుడుతోందని. ఊళ్ళో సైన్సు పంతులు శ్రీనివాసగారు ఎద్దులబండిని చూపించి చెప్పిన మాట అది. ఆగి ఉన్నది కదిలితే, అది పోయిన దూరాన్ని రెట్టింపు చేసి, పట్టిన కాలాన్ని కాలంతోనే గుణించి, దానితో భాగిస్తే చాలు. పరుగు పొడుగునా త్వరణం ఒకేలా ఉండదని హైమకు తెలుసు. కాని మొదటి ఇరవై మీటర్లకు ఒకేలా ఉందనుకుంటే పోల్చడానికి సరిపోతుంది. ఇరవై మీటర్లు వీధిలో సుద్దతో గీయవచ్చు. కావలసింది గడియారం ఒక్కటే. గోడ గడియారానికి సెకన్ల ముల్లు లేదు. అందుకే తాళంకప్ప. దారం పొడవు పాతిక సెంటీమీటర్లు ఉంటే, కప్ప ఒక కొసనుంచి ఇంకో కొసకు పోవడానికి అర సెకను పడుతుంది. రేడియోలో వార్తల ముందు గంట మోగినప్పటి నుంచి గోడ గడియారంలో పది నిమిషాలు చూసుకుని, కప్ప ఊపులు లెక్కపెట్టి, రెండుసార్లు దారం సవరించి, హైమ దాన్ని సరిచేసింది.

పోయిన ఆదివారం బండ్లన్నీ గోడలకు ఆనించి వీధి ఖాళీగా ఉన్న వేళ, ముందు కరుప్పును పరిగెత్తించారు. కోకిల అవతలి గీత దగ్గర చేపల బుట్ట మూత చూపించి పిలిచింది. హైమ కిటికీ దగ్గర కప్పను పక్కకు లాగి పట్టుకుని, కుక్క కదలగానే మెల్లిగా "సున్న" అని వదిలి, లెక్కపెట్టింది. ఐదో ఊపుకు కోకిల చేతిగుడ్డ కింద పడింది. రెండున్నర సెకన్లు. కుక్క నడుం విల్లులా వంగి సాగడం హైమ కిటికీలోంచి చూసింది. లెక్క కట్టి ఆరుకు పైనే వచ్చిన ఆ అంకెను డైరీలో రాసి, కింద రెండు గీతలు గీసింది. రోజూ మెట్ల మీద కాళ్ళకు అడ్డం పడే కుక్కలో ఇంత ఉందని ఎవరనుకుంటారు?

తర్వాత ఆదిమూలం గుర్రాన్ని బండి నుంచి విప్పి తెచ్చాడు. "మా రాణికి పరీచ్చ పెడతాండారా పాపా?" అని మురిసిపోతూ దాని మీద ఎక్కాడు. అది మొదటి రెండు అడుగులు బద్ధకంగా వేసి, మూడో అడుగులో మేల్కొని, గీత దాటాక కూడా వీధి చివర దాకా ఆగలేదు. డెక్కల చప్పుడుకు పక్కింటి కిటికీలు తెరుచుకున్నాయి. ఏడో ఊపు అయి, కప్ప మళ్ళీ నడిమికి వచ్చి దారం నిటారుగా నిలిచినప్పుడు చేతిగుడ్డ పడింది. ఏడున్నర ఊపులు. మూడు సెకన్ల మీద ముప్పావు. త్వరణం మూడుకు కొంచెం తక్కువ.

వరదరాజులు ఆ డైరీ పేజీ చూసి, "కుక్కకు ఆరు, గుర్రానికి మూడు కూడా లేదా? ఇదేం లెక్క?" అన్నాడు.

"గుర్రం పెద్ద ఒళ్ళు నాయనా. దాన్ని అదే నెట్టుకోవద్దా? అందుకున్నాక మాత్రం ఎవురూ పట్టుకోలేరు," అంది కోకిల.

హైమ తల ఊపింది. తను చెప్పాలనుకున్నదీ అదే.

ఇవాళ కోకిల వంతు. కప్ప దగ్గర హైమే నిలబడబోతే వరదరాజులు అడ్డం చెప్పాడు. "వదిన పరుగుకు మరదలు లెక్కా? ఈడ సరకు నీదే, కాటా నీదే అంటే ఒప్పుకోరు. నాగలింగం లెక్కపెట్టనీ."

ఆ మాటకు ఎదురులేదు. పడి అనే కొలపాత్రతో పప్పు కొలిచే రోజుల్లో నాగలింగం కొలిచిన మూటను కొన్నవాడూ అమ్మినవాడూ మళ్ళీ విప్పి చూసేవాళ్ళు కాదు. కాటాలు వచ్చాక పడి మూలన పడింది గాని, మూటలు ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ లెక్క చెప్పేది ఇప్పటికీ ఆయనే. ఆ వీధిలో ఏ ఇద్దరికి తగువొచ్చినా, "నాగలింగం ఎంత అన్నాడు?" అని అడిగి ఊరుకునేవాళ్ళు.

హైమ చేతిగుడ్డ పట్టుకుని అవతలి గీత దగ్గర నిలబడింది. కోకిల చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, చెప్పులు గోడ పక్కన విడిచి, గీత మీద వంగింది. అప్పటిదాకా హైమ వదిన పరుగు ఎదురుగా చూడలేదు. రెండు చేతివేళ్ళు నేలను తాకి ఉన్నాయి. వెనక కాలి మడమ పైకి లేచి ఉంది. ఒళ్ళంతా ఆగి ఉంది, కాని ఏ ఒక్క చోటా ఊరికే లేదు.

కిటికీలోంచి నాగలింగం గొంతు వీధి కొస దాకా ఖంగుమంది. కోకిల లేచి నిలబడి పరిగెత్తలేదు. వంగిన ఒళ్ళు వంగినట్టే ముందుకొచ్చి, నాలుగైదు అడుగుల తర్వాత గాని తల ఎత్తలేదు. ఒక్కో అడుగు నేలను వెనక్కి తోసేస్తున్నట్టుంది. ఆ గాలి తన ముఖానికి తగిలినప్పుడు హైమ చేతిగుడ్డ వదిలింది.

"ఎనిమిది," అన్నాడు నాగలింగం.

ఎనిమిది ఊపులు. నాలుగు సెకన్లు. త్వరణం రెండున్నర. గుర్రం కంటే తక్కువ.

వరదరాజులు నవ్వలేదు. ఉయ్యాల బల్ల గొలుసు పట్టుకుని, "పోనీలే మే," అన్నాడు మెల్లిగా. "ఏడున్నర ఎక్కువా ఎనిమిది ఎక్కువా నీకే తెలుసు. మాట మాటే." కోకిల లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టె తెరిచి, మడిచిన చీరలు ఒక్కొక్కటీ తీసి మంచం మీద పెట్టసాగింది. రాజలక్ష్మి చింతపండు గిన్నె పక్కకు జరిపి, కూతురి వైపు చూసి, మళ్ళీ గింజలు ఏరుకుంది.

హైమ డైరీలో ఎనిమిది అని రాసింది. నమ్మబుద్ధి కాలేదు. ఎదురుగా వచ్చిన ఆ ఒంటిని చూసిన కళ్ళకూ, ఈ అంకెకూ పొత్తు కుదరలేదు. గుర్రం మొదటి రెండడుగులు తను చూసింది. వదిన మొదటి రెండడుగులూ చూసింది. అయినా నాగలింగం తాత లెక్క తప్పుతుందా?

కింద గోడౌనులో తాత సోమవారానికి పంపాల్సిన కందిపప్పు మూటలు సరిచూసుకుంటున్నాడు. ఆయన గొంతు చెక్కమెట్ల గుండా పైకి వస్తోంది. "లాభం... రెండు... మూడు... నాలుగు..."

హైమ పెన్సిలు ఆగిపోయింది.

వ్యాపారం ఇంట్లో మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. పప్పు అయిపోతే అయిపోయిందని కూడా అనరు, నిండుకుందంటారు. ఇక సున్న అన్న మాట ఆ అంగడి గడప లోపల ఏనాడూ వినబడి ఎరగదు. ఇందాక కప్పను వదులుతూ కిటికీలోంచి తాత పెట్టిన కేక ఏమిటి? వదిన పరుగు చూడటంలో పడి తను వినీ పట్టించుకోలేదు. లాభం అన్నాడు. కప్ప వదులుతూ లాభం అన్నాడు. అంటే ఇంకా ఒక్క ఊపూ కాకముందే ఆయన లెక్కలో ఒకటి పడిపోయింది.

తెలిసింది సరే, చెప్పడమెలా? ముప్పై ఏళ్ళుగా వీధంతా మళ్ళీ విప్పి చూడని లెక్క. పల్లెనుంచి వచ్చి ఐదు నెలలు కాని పిల్ల, అది తప్పని మామ ఎదుట అనడమా? హైమ మెట్ల దాకా వెళ్ళి ఆగింది. మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చింది. లోపలి గదిలో మంచం మీద నాలుగో చీర పడింది. ఆ చప్పుడుకు తనకు తెలియకుండానే మెట్లు దిగింది.

"తాతా."

"ఏం పాపా?"

"మీరు పడితో కొలిచేటప్పుడు, లాభం అనేది పడి సంచిలో కుమ్మరించినాకనా, ముందరా?"

నాగలింగం ఆ ప్రశ్నకు నవ్వాడు. "కుమ్మరించినాకే. కుమ్మరించకుండా ఎట్లంటాను? అది దొంగ లెక్క గదా."

హైమ చేతిలోని డైరీ అంచు నలుపుతూ నిలబడింది. తాత మూట మీద చెయ్యి వేసి, ఆ పిల్ల ముఖం చూశాడు, డైరీ చూశాడు, మెట్ల పైన కిటికీ వైపు చూశాడు. ఆయన చేతులు నెమ్మదిగా గాలిలోకి లేచాయి. కుడిచేత్తో లేని కప్పను పక్కకు లాగి, వదిలాడు. పెదవులు మాత్రం కదిలాయి. లాభం. రెండు.

"అయ్యో," అన్నాడు తనలో తాను. "కప్ప ఆ కొసకు పోకముందే ఒకటి వేసేసినా గదా."

"మీ అలవాటు తాతా, తప్పు కాదు," అంది హైమ.

"అలవాటైనా తప్పు తప్పే పాపా. నిండని పడిని నిండిందని చెప్పినట్టే." ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు. "ఈ మాట నువ్వు పైన చెప్పొద్దు. నేనే చెప్పాల."

మెట్లెక్కుతున్న ఆ ముసలాయన వెనక నడుస్తూ హైమ అనుకుంది, ఇంతటి మనిషిని తను ఇన్నాళ్ళూ మూటలు లెక్కపెట్టేవాడిగానే చూసింది.

నాగలింగం ఉయ్యాల బల్ల ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎక్కడా నసగలేదు. వరదరాజులు గొలుసు వదిలేసి నిటారుగా కూర్చున్నాడు.

"అంటే పాప పరుగు ఏడు ఊపులా?"

"ఏడే అయ్యా. నాకు తెలిసి ఏడే. అయినా తప్పు కొలిచిన మూటకు నోటి లెక్క చెల్లదు. ఇద్దరి ఎదటా మళ్ళీ కొలవాల. అది మీరు నేర్పిన పద్ధతే."

"నువ్వే కొలువు."

"నేను కొలవను. నా నోట సున్న రాదు. ఆ పిల్లకు వస్తాది."

వరదరాజులు హైమ వైపు తిరిగాడు. "అంగట్లో సున్న అనకూడదు మే."

"వీధిలోకి వినబడేదే గదయ్యా," అన్నాడు నాగలింగం. "వీధికి లాభమూ లేదు, నష్టమూ లేదు."

లోపలి గది గుమ్మంలో కోకిల నిలబడి ఉంది. హైమ దగ్గరికి వచ్చి చెవిలో అంది. "మే, నేను గీత కాడ వంగినాక తల ఎత్తను. నీ గొంతు వినబడకపోతే ఆడే ఉండిపోతాను. తెలిసిందా?"

ఈసారి చేతిగుడ్డ నాగలింగం చేతిలో ఉంది. వరదరాజులు మెట్లు దిగి, పంచె ఎగగట్టి, వీధిలోనే నిలబడ్డాడు. రాజలక్ష్మి కూడా చింతపండు చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. హైమ కప్పను పక్కకు లాగింది. ఇరవై మీటర్ల అవతల నాగలింగం చిన్నగా కనిపిస్తున్నాడు; ఇవతల గీత మీద వదిన వీపు. ఊపిరి పీల్చుకుంది. గొంతులో మాట కదలలేదు. ఆగి ఉన్నది కదలడమే కష్టం, కదిలాక దానంతటదే పోతుందన్నది గుర్రం చూపించింది.

"సున్న," అంది హైమ.

ఆ గొంతు ఎంత దూరం పోయిందంటే, గోడకు ఆనించిన తోపుడుబండి మీది కాకులు లేచిపోయాయి. కరుప్పు మెట్ల మీద లేచి నిలబడింది. కోకిల అప్పటికే గీత మీద లేదు. "ఒకటి, రెండు, మూడు," హైమ గొంతు తగ్గలేదు. వదిన మడమలు, పొడుగు జడ, వంగిన వీపు, ఒకదాని వెంట ఒకటి దూరమవుతూ కప్ప ఊపుతో పాటే పోతున్నట్టున్నాయి. "నాలుగు, ఐదు, ఆరు, ఏడు."

చేతిగుడ్డ నేల మీద ఉంది.

మూడున్నర సెకన్లు. హైమ డైరీ తెరవకుండానే లెక్క కట్టింది. మూడు మీద పావు. గుర్రం కంటే ఎక్కువ. నాలుగు కాళ్ళూ, అంత ఛాతీ, అంత బలం ఉన్న రాణిని రెండు కాళ్ళ మనిషి ఇరవై మీటర్ల దాకా వెనక ఉంచింది. ఆ రెండు కాళ్ళూ తను రోజూ వంటింట్లో పక్కన కూర్చుని భోంచేసే మనిషివి.

వరదరాజులు చేతిగుడ్డ దాకా నడిచి వెళ్ళి, అది పడిన చోటు చూసి, తిరిగి వచ్చాడు. కూతురు రొప్పుతూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఉంది. ఆమె తల మీద ఒకసారి చెయ్యి వేసి తీశాడు.

"ఆదిమూలానికి చెప్పొద్దు. గుర్రానికి రెండు రోజులు గడ్డి పెట్టడు," అన్నాడు. తర్వాత గుమ్మం వైపు చూసి, "పెట్టె సర్దు. టీచరమ్మ ఐదింటికి సెంట్రల్‌లో ఉంటానని చెప్పింది గదా," అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "ఒక్కదాన్ని పంపను. హైమ కూడా పోవాల. ఆడ ఎవురు ఎంత సేపట్లో పరిగెత్తినారని వాళ్ళు చెప్పేది సరిగా ఉండాదో లేదో చూసేదానికి మన మనిషి ఒకరుండాల."

హైమ కిటికీలోంచి వెనక్కి జరిగింది. బండి, కొత్త ఊరు, పేర్లు తెలియని అమ్మాయిలు. "నేనెందుకు మామా? నాకు బడి ఉంది," అంది, మళ్ళీ పాత గొంతుతో. ఎవరికీ వినబడలేదు.

నాలుగింటికి ఆదిమూలమే జట్కా కట్టుకుని వచ్చాడు. కోకిల ఎక్కి కూర్చుంది. పెట్టె ఎక్కింది. హైమ గడప దాటి మెట్టు దిగి, రాణి వైపు చూసింది. అది తల దించుకుని, తనకేమీ తెలియనట్టు నిలబడి ఉంది. దాని మెడ మీద చెయ్యి వేయాలనిపించింది, వేసింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు గిరుక్కున వెనక్కి తిరిగింది.

"అత్తా, డైరీ మరిచిపోయినా. దారం, కప్ప కూడా. పోయి ఉండిపోతానులే, వదిన ఒక్కతే పోనీ..."

రాజలక్ష్మి గుమ్మంలో అడ్డంగా నిలబడి ఉంది. బయల్దేరిన మనిషి మళ్ళీ గడప లోపలికి రాకూడదని ఆమెకు గట్టి పట్టింపు. కొంగు చాటునుంచి గుడ్డసంచి తీసి హైమ చేతుల్లో పెట్టింది. అందులో డైరీ ఉంది, దారం చుట్టిన తాళంకప్ప ఉంది, అడుగున పులిహోర పొట్లం వెచ్చగా తగిలింది.

"గోడౌనుకు వేరే తాళం కొనుక్కుంటాంలే. ఆడ గట్టిగా లెక్కపెట్టు," అంది.

"అత్తా..."

రాజలక్ష్మి తలుపు వేసి, లోపల గడియ పెట్టుకుంది.